కార్తీకమాసం ముసురులో మైపాడు కాలువ మీద తెరచాప పడవ: వెళ్ళొచ్చా?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 14 అడుగుల ఫైబర్ పడవ, తెరచాప కట్టే నిలువు కొయ్య ఒకటి, రెండు చాపలు, పాతది కొన్నారు. కార్తీకమాసంలో ఒక ఆదివారం మైపాడు వంతెన దగ్గర బకింగ్‌హాం కాలువలో దించి, దక్షిణంగా కోడూరు వైపు వెళ్ళి, సాయంత్రానికి తిరిగి రావాలనుకుంటున్నారు. మీరు, ఇద్దరు స్నేహితులు, పదేళ్ళ పాప. వానలో కాలువ చాలా బాగుంటుందని ఎవరో చెప్పారు. ముసురు పట్టినా వెళ్ళొచ్చా అని అడిగారు.

చెప్పినవాళ్ళు నిజమే చెప్పారు. వానలోనే ఆ కాలువ బాగుంటుంది. ఎండాకాలంలో ఉప్పు వాసన, బురద వాసన తప్ప ఏమీ ఉండదు. ముసురు పడితే గట్ల మీద సరుగుడు తోపులు నల్లగా తడిసి, నీళ్ళ మీద చినుకుల చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. పడవకు మోటారు లేదు కాబట్టి కొంగలు, నీటికాకులు మనం పక్కకు వచ్చేదాకా లేవవు. నేను హుస్సేన్‌సాగర్‌లో చిన్న తెరచాప పడవలు నేర్చుకుని, ఆ తర్వాత ముప్పై ఏళ్ళుగా మన నెల్లూరు జిల్లా నీళ్ళలోనే తిరుగుతున్నాను. నాకు గుర్తున్న మంచి రోజుల్లో సగం వాన రోజులే. అందుకే వద్దు అనను. కానీ మీ ప్లానులో ఒక పెద్ద తప్పుంది. అది వాన కాదు, తిరుగు ప్రయాణం.

కార్తీకంలో మనకు గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. కాలువ తీరం వెంబడే ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. మైపాడు నుంచి కోడూరు వైపు తిరిగితే గాలి మీ ఎడమ భుజం వెనక నుంచి తోస్తుంది. పడవ దానంతట అదే పోతున్నట్టు ఉంటుంది, చుక్కాని మీద వేలు పెట్టి కూర్చుంటే చాలు. ఆ హాయిలో ఎంత దూరం వచ్చారో తెలియదు. మధ్యాహ్నం పడవ తిప్పగానే అసలు కథ మొదలవుతుంది. ఏ తెరచాప పడవైనా గాలికి సూటిగా ఎదురు పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల పక్కగా అటు కొంత, ఇటు కొంత వంకరటింకరగా ఎక్కాలి. చెరువులో అది సరదాగా ఉంటుంది. కాలువ వెడల్పులో మాత్రం నాలుగు పడవల పొడవు పోయేలోపే గట్టు తగులుతుంది. మళ్ళీ తిప్పాలి, మళ్ళీ గట్టు. తిప్పిన ప్రతిసారీ వేగం పోతుంది, వేగం పోయిన పడవను గాలి వెనక్కి నెడుతుంది. పొద్దున గంటన్నరలో వచ్చిన దూరానికి సాయంత్రం నాలుగు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. కార్తీకంలో ఐదున్నర దాటితే చీకటి పడుతుంది.

కాబట్టి తిరిగి రావద్దు. కోడూరు దగ్గర ఒక ట్రాలీ ఆటో మాట్లాడి పెట్టుకుని, పడవను దాని మీద ఇంటికి తెచ్చుకోండి. ఆటో దొరక్కపోతే ముందు ఉత్తరానికి, అంటే గాలికి ఎదురుగా, ఓపిక ఉన్నప్పుడే కష్టపడి వెళ్ళండి. అలిసిపోయాక గాలే మిమ్మల్ని వెనక్కి తెస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో గాలి తూర్పు ఆగ్నేయం నుంచి వస్తుంది, అప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. పడవ ఎక్కేముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసి, తిరుగు ప్రయాణాన్ని ముందు ఆలోచించుకోవాలి.

వాన సంగతికి వద్దాం. తడిస్తే ఎవరికీ ఏమీ కాదు. వానకు ముందు వచ్చే ఈదురుగాలి, వాన తర్వాత వచ్చే నీటి లాగుడు, ఈ రెండే ప్రమాదం.

ఈశాన్య రుతుపవనాల్లో వాన సముద్రం మీద నుంచి, అంటే తూర్పు నుంచి దొంతరలు దొంతరలుగా వస్తుంది. చెరువులో అయితే దూరం నుంచే మబ్బు కనబడుతుంది, నీళ్ళ మీద నలుపు పరుగెత్తుకు రావడం కనబడుతుంది. కాలువలో కూర్చుంటే తూర్పు గట్టు, దాని వెనక ఇసుక దిబ్బలు, సరుగుడు తోపులు అడ్డం. ఏమీ కనబడదు. అక్కడ చెవే కన్ను. సముద్రం వైపు తోపులో ముందు ఒక హోరు లేస్తుంది. దానికి కొంచెం ముందు ఉన్న గాలి ఉన్నట్టుండి పడిపోతుంది, ఒంటికి చల్లగా తగులుతుంది. గాలి ఆగింది కదా అని ఊరుకోకండి. హోరు వినబడ్డాక మీ చేతిలో ఉండేది ఒక నిమిషమే అనుకోండి. ఆ నిమిషంలో చాప కిందికి రావాలి.

గాలి వేగం రెట్టింపైతే చాప మీద ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలిలో ఒక చేత్తో పట్టుకున్న తాడును 30లో రెండు చేతులతో కూడా ఆపలేరు. ‘ఇంకొంచెం చూద్దాం’ అనేవాళ్ళు పడవ బోల్తా కొట్టించుకునేది ఈ లెక్క తెలియకే.

నా సంగతే చెబుతాను. చాలా ఏళ్ళ కిందట పులికాట్ సరస్సులో, తడ దగ్గర భీమునివారిపాలెం నుంచి ఇరకం దీవి వైపు వెళ్తున్నాను. (2022లో జిల్లాలు మార్చినప్పుడు ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి పోయింది. అప్పటికి అది మన నెల్లూరే.) నాకు కొంచెం ముందు ఇరకం మనిషి ఒకాయన నాటు పడవలో చాప వేసుకుని పోతున్నాడు. ఆకాశం బూడిద రంగులో ఉంది, గాలి మామూలుగానే ఉంది. ఉన్నట్టుండి ఆయన చాప దించేశాడు. తాడు వదలగానే చాప, దాన్ని కట్టిన అడ్డకర్ర కలిసి ఒక్కసారిగా పడవలోకి వచ్చి పడ్డాయి. గడకర్ర తీసి బురదలో గుచ్చి, పడవను దానికి కట్టి, నెత్తిన గోనెసంచి వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి చేయి ఊపాడు. పలకరిస్తున్నాడనుకుని నేనూ ఊపాను. పది నిమిషాలు కాలేదు, ఈదురుగాలి పక్క నుంచి కొట్టింది. తాడును మేకుకు బిగించి కట్టి ఉన్నాను, వదలడానికి ముడి రాలేదు. పడవ పక్కకు ఒరిగి బోల్తా పడింది. పులికాట్ చాలా చోట్ల మనిషి ఛాతీ దాకా కూడా ఉండదు కాబట్టి నేను నిలబడగలిగాను. కానీ చాప కొయ్య కొస బురదలో దిగబడిపోయింది. ఆ పడవను లేపడానికి ఆయన, నేను కలిసి గంట తంటాలు పడ్డాం. లోతు తక్కువ కదా, ఏమవుతుందిలే అనుకునే చోటే ఈ చిక్కు వస్తుంది. లోతు ఉంటే పడవను తిరగేసి లేపుకోవచ్చు, బురద పట్టుకుంటే వదలదు. మన కాలువ అడుగు కూడా అలాంటి బురదే.

ఆ రోజు నేర్చుకున్నవి మూడు మీకు చెబుతాను. మొదటిది, చాప కొసన ఉండే తాడును ఎప్పుడూ కట్టేయకండి. చేతిలోనే ఉండాలి, వదిలితే సర్రున పోవాలి. రెండోది, చాపను ఎక్కించే తాడు వానకు తడిస్తే ముడులు బిగుసుకుంటాయి, కప్పీలో ఇరుక్కుంటుంది. కాబట్టి దాన్ని శుభ్రంగా చుట్టి, కాళ్ళ కింద నలగకుండా పెట్టుకోండి. ఇంటి ముందు నేల మీద పడవ పెట్టి, బకెట్టుతో నీళ్ళు పోసుకుంటూ, చాప ఎక్కించి దించడం ఇరవైసార్లు చేయండి. ఇరవై సెకన్లలో దించగలిగితేనే ఆదివారం గురించి ఆలోచించండి. మూడోది, ఆ నీళ్ళలో పుట్టి పెరిగిన మనిషి చాప దించితే ఎందుకని అడగొద్దు, మీదీ దించేయండి.

మీరు గాలిని వెనక పెట్టుకుని వెళ్తారు కాబట్టి ఇంకో సంగతి. వెనక గాలిలో పెద్ద చాప ఉంటే, పడవ ముక్కు కాస్త అటూ ఇటూ తిరిగినా చాప కింది అడ్డకర్ర ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒక్క ఊపున విసురుకొస్తుంది. పెద్దవాళ్ళ తలలే పగిలాయి, పక్కన పాప ఉంటుంది. ముసురు రోజున పెద్ద చాపను ఇంట్లోనే వదిలేయండి. ముందుండే చిన్న చాప ఒక్కటి చాలు. నిదానంగా పోతారు, పోనివ్వండి. అడ్డకర్ర ఉండదు, దించడం తేలిక, తల ఎత్తి నాలుగు వైపులా చూడొచ్చు. తూర్పు గట్టుకు కాస్త దగ్గరగా నడపండి. గాలి నెట్టినా పడమటి వైపు జాగా ఉంటుంది.

పడవలో పడే వాన నీళ్ళను చాలామంది లెక్క చేయరు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ పడవ నోరు సుమారు నాలుగు చదరపు మీటర్లు అనుకుందాం. గట్టి వాన గంటకు 25 మిల్లీమీటర్లు పడితే లోపల 100 లీటర్లు చేరతాయి. అంటే వంద కిలోలు. ఒక లావుపాటి మనిషి పిలవకుండా ఎక్కి కూర్చున్నట్టే. ఆ మనిషి ఒక చోట కుదురుగా కూర్చోడు కూడా. పడవ ఎటు ఒరిగితే నీళ్ళన్నీ అటే పరుగెత్తి ఇంకా ఒరగదీస్తాయి. అయిదు లీటర్ల నూనె డబ్బాను ఏటవాలుగా కోసి, పిడి ఉంచి, తాడుతో పడవకు కట్టండి. ఒకరి పని నీళ్ళు తోడడమే. ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక పాప, పైన ఈ నీళ్ళు అంటే 14 అడుగుల పడవకు ఎక్కువ. ఒక స్నేహితుణ్ణి ట్రాలీ ఆటోతో కోడూరు దగ్గర ఉండమనండి.

ఇక నీటి లాగుడు. బకింగ్‌హాం కాలువ నిలవ నీరు కాదు, ఉప్పుటేర్ల ద్వారా సముద్రంతో కలిసి ఉంటుంది. పోటుకు నీళ్ళు లోపలికి వస్తాయి, పాటుకు బయటికి పోతాయి. పౌర్ణమి, అమావాస్య దగ్గర ఆ రాకపోకలు ఎక్కువ. రెండు రోజులు వాన పడితే పొలాల మురుగు కాలువలు, వాగులు అన్నీ ఇందులోకే దిగుతాయి. ఆ నీళ్ళూ, పాటూ ఒకేసారి కలిస్తే ఉప్పుటేరు కాలువను దాటే చోట ప్రవాహం సముద్రం మొగ వైపు లాగుతుంది. చాపతో గానీ తెడ్డుతో గానీ దాన్ని ఎదిరించలేరు. మొత్తం ప్రయాణంలో నాకు నిజంగా భయం వేసే చోటు అదొక్కటే. దాన్ని చేరేలోపే, రెండు మూడు వందల మీటర్ల ముందే గట్టుకు కట్టేసి, దిగి నడిచి వెళ్ళి చూడండి. నీళ్ళ మీద నురుగు, పుల్లలు, కొమ్మలు వేగంగా కొట్టుకుపోతుంటే ఆ రోజు ప్రయాణం అక్కడికే చాలించండి. ఇదే కారణంగా ఉత్తరాన పెన్న కలిసే చోటు దాకా, దక్షిణాన కృష్ణపట్నం దాకా మీరు వెళ్ళొద్దు. కృష్ణపట్నంలో పైగా పెద్ద ఓడల రేవు.

మన పెద్దవాళ్ళు ఈ కాలువ మీద చాపను మాత్రమే నమ్ముకోలేదు. మద్రాసుకు వంటచెరుకు, ఉప్పు, ధాన్యం మోసిన పడవల్లో చాప, గడకర్ర, గట్టు మీద నడుస్తూ లాగే మనుషుల తాడు, మూడూ ఉండేవి. గాలి కలిసొస్తే చాప, లేకపోతే గడ, అదీ కుదరకపోతే భుజానికి తాడు. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా మొదలైన తవ్వకం మెల్లమెల్లగా ఇటు పెదగంజాం దాకా వచ్చింది. 1876-78 నాటి ధాత కరువులో కూలి పని కింద మద్రాసులో మిగిలిన ముక్క తవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టారు. పెదగంజాం నుంచి అరవదేశంలో మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, అందులో 250కి పైగా మనవైపే. ఆకలితో ఉన్న మనుషులు గంజి కోసం తవ్విన నీళ్ళివి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కూడా ఆ నీళ్ళను చాలాచోట్ల ఈ కాలువే తనలోకి తీసుకుని వెనకున్న ఊళ్ళను కాచింది. 2008లో దీన్ని జాతీయ జలమార్గం–4లో కలిపారు. అయినా చాలా మేర పూడిపోయి ఉంది. అందులో చాప ఎత్తాలని ఒక మనిషి ఇవాళ అడిగాడంటేనే నాకు సంతోషంగా ఉంది. అందుకే ఇంత రాస్తున్నాను.

మీరు కూడా ఆ మూడూ తీసుకెళ్ళండి. చాపతో పాటు పన్నెండు అడుగుల వెదురు గడ, ముప్పై మీటర్ల తాడు, వాటికి తోడు రెండు తెడ్లు. ఈదురుగాలి వచ్చినప్పుడు చాప దించి, గడను బురదలో గుచ్చి కట్టుకుంటే లంగరు కన్నా గట్టిగా నిలుస్తుంది. గాలి తగ్గాక ఒకరు గట్టెక్కి తాడుతో లాగితే పడవ తేలిగ్గా వస్తుంది. వానకు గట్టు మట్టి జారుతుంది, పాములు కూడా గట్లెక్కుతాయి, చూసి అడుగేయండి.

కరెంటు తీగల గురించి గట్టిగా చెబుతున్నాను. గట్టు వెంబడి రొయ్యల గుంటలు. వాటి ఏరేటర్లకు, మోటార్లకు లాగిన తీగలు కొన్ని చోట్ల కాలువను అడ్డంగా దాటుతాయి, కిందికి వేలాడుతుంటాయి. మీ చాప కొయ్య అల్యూమినియం అని రాశారు. నీళ్ళు పెరిగితే పడవా పెరుగుతుంది, తీగకు, కొయ్యకు మధ్య ఎడం తగ్గుతుంది. వంతెనల కిందా ఇంతే. వారం ముందు మోటారు సైకిలు మీద గట్టు వెంట మొత్తం దారి తిరిగి, ప్రతి తీగను, ప్రతి వంతెనను కాగితం మీద రాసుకోండి. అనుమానం ఉన్న ప్రతి చోటా కొయ్య పడుకోబెట్టి గడతో దాటండి. ఇందులో బద్ధకం పనికిరాదు. ఆ తిరుగుడులోనే వలలు కూడా చూసుకోవచ్చు. గుంజలు పాతి కాలువకు అడ్డంగా కట్టిన వలలు ఉంటాయి. జాలర్ల పాలెంలోకి వెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడండి, ఫలానా రోజు వస్తున్నామని చెప్పండి. ఎటు తప్పుకోవాలో వాళ్ళే చూపిస్తారు. మీ చుక్కానికి చిక్కి తెగిన వల ఒక ఇంటి వారం సంపాదన. స్థానిక పోలీసులకు, పంచాయతీకి కూడా ఒక మాట చెప్పి పెట్టండి.

పిడుగుల సంగతి. మెరుపుకు, ఉరుముకు మధ్య సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు ఉంటే పడవ దిగేయండి. ఆ చుట్టుపక్కల కొయ్యే అన్నిటికన్నా ఎత్తు. దిగి తాటిచెట్టు కిందికి మాత్రం పరుగెత్తకండి. పక్కా ఇల్లు గానీ మూసిన కారు గానీ చూసుకోండి. ఫోనులో దామిని యాప్ పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులుంటే ముందే చెబుతుంది.

అసలు వెళ్ళాలా వద్దా అన్నది శనివారం సాయంత్రమే తేల్చుకోండి. వాతావరణ శాఖ పసుపు రంగు హెచ్చరిక ఇచ్చినా పాపతో వెళ్ళొద్దు. రేవులో ఏ తుపాను హెచ్చరిక నంబరు ఎగరేసినా, అది ఒకటో నంబరైనా సరే, పడవ బయటికి తీయొద్దు. మన తీరానికి కార్తీకం అంటే ఏమిటో వేరే చెప్పాలా? 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను చూసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. పాత నావికుల గుర్తు ఒకటి ఉంది. గాలికి ఎదురుగా నిలబడి కుడిచేయి పక్కకు చాపితే, వాయుగుండం ఇంచుమించు ఆ వైపు ఉంటుంది. ఈశాన్యం గాలి రోజు రోజుకు బలపడుతూ, చేయి బంగాళాఖాతం వైపు చూపిస్తుంటే, టీవీలో చెప్పకముందే అనుమానించాలి. వానకు, ముసురుకు, తుపాను ముసురుకు తేడా ఉంది. మీరు అడిగింది రెండోది. గాలి నిదానంగా ఉండి, మబ్బు ఒకే రంగులో పరుచుకుని, చినుకు సన్నగా పడుతుంటే అదే మీ రోజు.

అందరికీ లైఫ్ జాకెట్లు, ఒంటి మీద, బకిల్స్ పెట్టి. పాపకు పాప కొలతదే కొనండి, పెద్దవాళ్ళది వేస్తే నీళ్ళలో మెడ మీదుగా జారిపోతుంది. జీన్స్ వద్దు. తడిసిన నూలు బట్టలో గాలి తగిలితే మన నెల్లూరులో కూడా వణుకు పుడుతుంది, పిల్లలకు ఇంకా త్వరగా. పొడి బట్టలు, తువ్వాలు, ఫోను ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి పెట్టండి. ఫ్లాస్కులో వేడి టీ, పాపకు పాలు, పులిహోర. చల్లారినా బాగుండేది అదే.

పాపను తీసుకెళ్ళాలా అని చివర్లో అడిగారు. ముందు వారం చాప లేకుండా, వంతెన దగ్గరే, ఒక కిలోమీటరు గడ వేసి తిప్పండి. జాకెట్టుతో నీళ్ళలో దించి తేలడం అలవాటు చేయండి. వణక్కుండా, ఏడవకుండా ఉంటే తీసుకెళ్ళండి. పడవలో అణియం (ముందు కొస) దగ్గర కాదు, అమరం (వెనక కొస) దగ్గర మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. సముద్రం వైపు తోపు హోరు వినే పని ఆమెకు అప్పజెప్పండి. పిల్లల చెవులు మనకన్నా చురుకు. ఆమె ‘నాన్నా, వస్తోంది’ అనగానే, మీకు వినబడినా వినబడకపోయినా చాప దించండి.